ఆలిస్ కూపరా, కిస్సా? తొలి రోజుల్లో ఎవరు మేలు?

షాక్ రాక్ (వేషాలతో, స్టేజీ మీది భయంకరమైన దృశ్యాలతో జనాన్ని బిత్తరపోయేలా చేసే రాక్ సంగీతం) కొత్తగా వినేవాళ్లకు మొదట వచ్చే సందేహం ఇదే. రెండూ మొహానికి రంగేసుకుని స్టేజీ ఎక్కిన అమెరికన్ బ్యాండ్లే. నా ఓటు మాత్రం ఆలిస్ కూపర్‌కే. అలాగని వాళ్ల మొదటి ఆల్బమ్‌తో మొదలుపెట్టకండి!

అరిజోనాలోని ఫీనిక్స్‌లో హైస్కూల్ కుర్రాళ్లు పెట్టుకున్న బ్యాండ్ అది. 1968లో ‘ఆలిస్ కూపర్’ అని పేరు మార్చుకున్నారు. అప్పట్లో అది మొత్తం బ్యాండ్ పేరు, తర్వాతే గాయకుడు విన్సెంట్ ఫర్నియర్‌కి అతుక్కుపోయింది. రాక్ సంగీతకారుడు ఫ్రాంక్ జప్పా వీళ్ల పాటలు వింటానని సాయంత్రం అనుకుని ఏడింటికి రమ్మంటే, వీళ్లు పొద్దున్నే ఏడింటికి వెళ్లి ఆయన్ని నిద్ర లేపారట. ఆయన రికార్డు కంపెనీ నుంచి 1969, 70ల్లో వచ్చిన రెండు ఆల్బమ్‌లూ అమ్ముడుపోలేదు. నేనూ రెండుసార్లు పెట్టి మధ్యలోనే ఆపేశాను.

పేరు తెచ్చింది పాట కాదు, కోడి. 1969 సెప్టెంబరు, టొరంటో. ఎవరో బతికున్న కోడిని స్టేజీ మీదకి విసిరారు. రెక్కలున్నాయి కదా, ఎగిరిపోతుందిలే అనుకుని ఫర్నియర్ దాన్ని జనంలోకి విసిరాడు. ముందు వరసలవాళ్లు ముక్కలు చేసేశారు. మర్నాటికల్లా ‘కోడి తల కొరికి రక్తం తాగాడు’ అని ప్రచారం. “కాదని మాత్రం ఎవరితోనూ అనకు” అని జప్పా ఫోన్లో చెప్పాడని ఆలిస్ ఇప్పటికీ నవ్వుతూ చెబుతుంటాడు.

అసలు మలుపు, రికార్డింగ్ దగ్గరుండి చేయించే ప్రొడ్యూసర్ బాబ్ ఎజ్రిన్. కెనడా కుర్రాడు, అప్పటికి ఇరవై ఒకటో ఏడు. గజిబిజిగా ఉన్న పాటలను కూర్చోబెట్టి సాపు చేయించాడు. 1971లో వచ్చిన ‘లవ్ ఇట్ టు డెత్’లో పద్దెనిమిదేళ్ల కుర్రాడి అయోమయం మీద పాట అమెరికా చార్టులో 21వ స్థానానికి వెళ్లింది. అదే ఏడాది ‘కిల్లర్’. స్టేజీ మీద ముందు ఎలక్ట్రిక్ కుర్చీ, తర్వాత ఉరికంబం. పాటల్లో ఘోరాలు చేసినవాడికి చివర శిక్ష పడి తీరుతుంది. అంటే అక్కడ కథ ఉంది, వేషం ఆ కథ కోసమే.

కిస్‌కి వేషమే కథ. 1973 జనవరి 30న న్యూయార్క్ క్వీన్స్‌లో వాళ్ల తొలి షోకి వచ్చినవాళ్లు పదిమంది కూడా లేరు. ఆ ఏడాది చివరి రాత్రి జీన్ సిమన్స్ నోట్లోంచి మంట ఊదబోతే జుట్టంటుకుంది. ధైర్యానికి లోటు లేదు, పాటలూ హుషారైనవే. కానీ 1974 ఫిబ్రవరి నుంచి 1975 మార్చి దాకా హడావిడిగా దించిన మూడు స్టూడియో ఆల్బమ్‌ల్లో సౌండ్ మరీ పల్చన. వాటిని దాటేసి 1975 సెప్టెంబరులో వచ్చిన లైవ్ ఆల్బమ్ ‘అలైవ్!’ పెట్టుకోండి, అదీ గట్టిగా.

ఆ తర్వాత స్టూడియోలోనూ అంత బలం కావాలనుకున్నప్పుడు, 1976 నాటి ‘డిస్ట్రాయర్’ కోసం, కిస్ వెళ్లింది ఆ ఎజ్రిన్ దగ్గరికే.