ఫోన్ చెవికా, స్పీకర్‌లోనా, ఇయర్‌ఫోన్స్‌లోనా: మెదడు కాపలాగోడకు ఏది మేలు?

మెదడులోని సన్నటి రక్తనాళాల లోపలి కణాలు సందు లేకుండా అతుక్కుని ఉంటాయి. గ్లూకోజ్‌ని రానిస్తాయి, రక్తంలోని ఆల్బుమిన్ లాంటి పెద్ద ప్రొటీన్లను ఆపేస్తాయి. ఇదే రక్త-మెదడు అవరోధం. ఫోన్ తరంగాలు సోకిన ఎలుకల మెదడులోకి ఆల్బుమిన్ కారిందని 2003లో స్వీడన్‌లోని లండ్ పరిశోధకులు ప్రకటించారు. తర్వాత అదే ప్రయోగం చేసిన వేరే బృందాలకు ఆ ఫలితం రాలేదు. ఖాయంగా తెలిసింది వేడి సంగతి: మెదడు ఉష్ణోగ్రత కొన్ని డిగ్రీలు పెరిగితే ఈ గోడ సడలుతుంది. ఫోన్ తరంగాలు పెంచేది డిగ్రీలో చిన్న వంతే. చెవి వెచ్చబడేది ఎక్కువగా ఫోన్ వేడికి, గాలి ఆడకపోవడానికి.

కాబట్టి బెదిరిపోనక్కర్లేదు. కానీ ఖర్చు లేకుండా తగ్గించుకోగలిగినదాన్ని తగ్గించుకోవడమే మంచిది.

చెవికి ఆనించి మాట్లాడితే అంతా సిగ్నల్ మీదే ఉంటుంది. 4జీ ఫోన్ గరిష్ఠంగా 200 మిల్లీవాట్ల దాకా తరంగశక్తి వదులుతుంది. టవర్ బాగా అందితే అందులో చాలా కొద్దిపాటితో సరిపెట్టుకుంటుంది. అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో, లిఫ్ట్‌లో ఒక్క గీతే కనిపిస్తుంటే గరిష్ఠానికి ఎగబాకుతుంది. అక్కడ చెవికి పెట్టకండి. ఇంట్లోనే సిగ్నల్ అందకపోతే వైఫై కాలింగ్ ఆన్ చేయండి.

స్పీకర్ పెట్టి ఒక అడుగు దూరంలో ఉంచితే తలకు చేరేది బాగా పడిపోతుంది. వైరు ఇయర్‌ఫోన్స్‌తోనూ అంతే, పైగా అమీర్‌పేట రద్దీలోనూ మాట వినిపిస్తుంది. మా ఓటు వీటికే. బ్లూటూత్ బడ్స్ సాధారణంగా వదిలేది కొన్ని మిల్లీవాట్లే. సిగ్నల్ బాగున్నచోట వాటికీ ఫోన్‌కీ పెద్ద తేడా ఉండదు, సెల్లార్‌లోనే అవి నిజంగా పనికొస్తాయి.

కొనేటప్పుడు *#07# నొక్కితే చాలా ఫోన్లలో సార్ (SAR) అంకె, అంటే ఒంటి కణజాలం ఎంత తరంగశక్తిని పీల్చుకుంటుందో చెప్పే కొలత, కనిపిస్తుంది. మన దేశంలో దాని పరిమితి కిలో కణజాలానికి 1.6 వాట్లు. అయితే ఆ కొలత తీసేది ఫోన్ గరిష్ఠ శక్తితో పనిచేస్తున్నప్పుడు. 0.8 ఫోన్ 1.2 ఫోన్ కంటే రోజువారీ వాడకంలో మేలని దాన్నిబట్టి చెప్పలేం.

యాంటీ రేడియేషన్ స్టిక్కర్ మాత్రం వద్దు. అది యాంటెన్నాకు అడ్డుపడితే టవర్‌ను అందుకోవడానికి ఫోన్ ఇంకా ఎక్కువ శక్తి వదులుతుంది, బ్యాటరీ త్వరగా దిగిపోతుంది.

అన్నిటికంటే చెడ్డది ఫోన్‌ను హెల్మెట్‌లో ఇరికించి బండి నడపడం. దూరం సున్నా. అంతకన్నా ముఖ్యం, మెదడుకు అక్కడ అసలు ప్రమాదం తరంగాలతో కాదు, రోడ్డుతో.