ఆరేళ్లు వాడాక మా సోలార్ లైట్ల గురించి

మాది అనంతపురం వైపు. బెంగళూరులో వర్తూరు దగ్గర రేకుల షెడ్డులో ఉంటాం. మా ఆయన సెంట్రింగు పనికి వెళ్తారు, నేను జాకెట్లు కుడతాను. స్థలం మా పేరున లేదని మీటరు రాలేదు. పక్కవాళ్ల దగ్గర వైరు లాక్కుని బల్బుకు నెలకు 300 ఇచ్చేవాళ్లం, రాత్రి పదయ్యేసరికి వాళ్లు ఆపేసేవారు.

2019లో 14,000 పెట్టి సోలార్ సెట్టు కొన్నాం. 40 వాట్ల ప్లేటు, 12 వోల్టుల 40 ఏహెచ్ (ఎంత కరెంటు దాచుకోగలదో చెప్పే లెక్క) బ్యాటరీ, ఛార్జింగు అదుపు చేసే కంట్రోలర్ డబ్బా, 5 వాట్ల ఎల్ఈడీ బల్బులు రెండు. నల్లగుడ్డ మీద నల్లదారం రాత్రి పదకొండుకి కూడా కనిపిస్తుంది. అంతకుముందు నల్లజాకెట్లన్నీ పొద్దుటికి వాయిదా వేసేదాన్ని.

ప్లేటు మీద ఒక్క కంప్లయింటు లేదు. దక్షిణం వైపు కొద్దిగా వాల్చి పెట్టించాం, వారానికోసారి తడిగుడ్డతో దుమ్ము తుడుస్తాను. ఇబ్బందంతా బ్యాటరీతోనే. అమ్మినవాళ్లు ఫ్యాను కూడా తిరుగుతుందన్నారు. తిరిగింది. కానీ 12 వాట్ల ఫ్యాను రాత్రంతా వేస్తే దాదాపు 100 వాట్ అవర్లు (వాట్లను గంటలతో హెచ్చిస్తే వచ్చే లెక్క) పోతాయి. బల్బులు రెండూ ఐదు గంటలు వెలిగితే అయ్యేది 50. మబ్బు పట్టిన జులై, ఆగస్టుల్లో ప్లేటు అంత తిరిగి నింపలేదు. సగం నిండిన బ్యాటరీని రోజూ అడుగంటా వాడితే చచ్చిపోతుందని మాకెవరూ చెప్పలేదు. డిస్టిల్డ్ వాటర్ పోయాలన్న సంగతీ తెలియదు. మూడో ఏడు బ్యాటరీ పోయింది. అమ్మినవాళ్లకు ఫోన్ చేస్తే ఎత్తలేదు. కొత్తదానికి 5,500 అయింది, నాకు ఏడుపొచ్చింది.

అందుకే కొనేవాళ్లకు నా మాట: ప్లేటు వాట్ల కంటే ముందు రిపేరుకు ఎవరొస్తారో అడగండి. ఇదే బెంగళూరులో 1995లో మొదలైన సెల్కో అనే సోలార్ సంస్థ ఇంటికొచ్చి సర్వీసు చేయడం, బ్యాంకు అప్పు ఇప్పించడం పద్ధతిగా పెట్టుకుంది. దాన్ని స్థాపించిన వారిలో ఒకరైన హరీష్ హందేకు 2011లో మెగసెసే అవార్డు వచ్చింది. మేం ఆ వివరాలు తెలుసుకోకుండా వేరే చోట కొన్నాం.

ఇంకో సంగతి, బల్బు పోతే కిరాణా కొట్టు బల్బు పనికిరాదు, బ్యాటరీ కరెంటుతో వెలిగే 12 వోల్టుల డీసీదే కావాలి. ఒకటి అదనంగా దాచుకోండి.

ఇప్పుడు నీళ్లు మూడు నెలలకోసారి చూస్తున్నాను, ఫ్యాను ఎండాకాలంలో రెండు గంటలే. బ్యాటరీ బాగుంది. కాలితో తొక్కే మిషనుకు డీసీ మోటారు పెట్టించాలని ఉంది, అయితే ఈ సెట్టు దానికి చాలదు. 100 వాట్ల ప్లేటు కోసం డబ్బు కూడబెడుతున్నాను.