జీడీబీ మాన్యువల్: ఏళ్ల తరబడి వాడాక నా అభిప్రాయం

సీ, సీ ప్లస్ ప్లస్ ప్రోగ్రాములు రాసేవాళ్లలో జీడీబీ పేరు విననివారు ఉండరు. 1986లో రిచర్డ్ స్టాల్‌మన్ మొదలుపెట్టిన డీబగ్గర్ అది, అంటే ప్రోగ్రామ్‌ను నడిపిస్తూ అందులోని తప్పులు (బగ్‌లు) వెతకడానికి పనికొచ్చే సాధనం. దానితోపాటు స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ తయారుచేసే గ్నూ ప్రాజెక్టు ఉచితంగా ఇచ్చే మాన్యువల్‌ను మాత్రం చాలామంది తెరిచి చూడరు. నాకు చాలా ఏళ్లుగా అది పక్కన లేకపోతే పని సాగదు. నెట్‌లో దొరికే జవాబులు ఎక్కువగా "ఈ కమాండ్ కొట్టండి" అనే మాటతో ఆగిపోతాయి. అదే కమాండ్ ఎప్పుడు పనిచేయదో, ఎక్కడ మోసం చేస్తుందో ఈ మాన్యువల్ చెబుతుంది. నేను దాన్ని నమ్మడం అందుకే.

వాచ్‌పాయింట్ల భాగమే చూడండి. ఒక వేరియబుల్ విలువను ఏ కోడ్ పాడుచేస్తోందో తెలియనప్పుడు దాని మీద వాచ్ పెడతాం, అంటే విలువ మారగానే ప్రోగ్రామ్ ఆగేలా చేస్తాం. హార్డ్‌వేర్ సాయం దొరికితే ప్రోగ్రామ్ దాదాపు మామూలు వేగంతోనే నడుస్తుంది. కానీ ఎక్స్86 (ఇంటెల్, ఏఎండీ తరహా) ప్రాసెసర్లలో ఇందుకు పనికొచ్చే అడ్రస్ రిజిస్టర్లు, అంటే గమనించాల్సిన చోటును ఉంచుకునే చిన్న గదులు, నాలుగే. పెద్ద స్ట్రక్చర్ మొత్తాన్ని కనిపెట్టమంటే అవి చాలవు. అప్పుడు జీడీబీ ప్రోగ్రామ్‌ను ఒక్కో అడుగూ నడిపిస్తూ ప్రతిసారీ విలువ సరిచూస్తుంది. ఇది వందల రెట్లు నెమ్మది అని మాన్యువల్ దాచకుండా రాసింది. అంతకన్నా ముఖ్యమైన హెచ్చరిక ఇంకొకటి ఉంది: ఇలాంటి సాఫ్ట్‌వేర్ వాచ్ ఒక్క థ్రెడ్‌నే (ప్రోగ్రామ్‌లో సమాంతరంగా నడిచే పనుల్లో ఒకదాన్నే) గమనించగలదు. వేరే థ్రెడ్ వచ్చి విలువ మార్చేస్తే దాని కంట పడకపోవచ్చు. థ్రెడ్ల బగ్ వెతుకుతున్నవాళ్లకు ఈ ఒక్క వాక్యం రోజుల కొద్దీ టెన్షన్ తప్పిస్తుంది. లోకల్ వేరియబుల్ మీద పెట్టిన వాచ్, ఆ వేరియబుల్ స్కోప్ (అది చెల్లుబాటయ్యే కోడ్ భాగం) దాటగానే దానంతట అదే పోతుందన్న సంగతీ అక్కడే ఉంటుంది.

కొత్తవాళ్లకు మొదట్లో ఉన్న నమూనా సెషన్ చాలు. గ్నూ ఎం4 (మాక్రోలనే సంక్షిప్త పేర్లను పూర్తి పాఠంగా మార్చే ప్రోగ్రామ్) తొలి రూపాల్లో ఒకదానిలో ఉన్న బగ్‌ను అందులో పట్టి చూపిస్తారు. కోట్ గుర్తులు మార్చినప్పుడు ఎడమ గుర్తు పొడవుకు బదులు కుడి గుర్తు పొడవు లెక్కలోకి వస్తోందని బయటపడుతుంది. అక్కడితో ఆగకుండా, నడుస్తున్న ప్రోగ్రామ్‌లోనే ఆ విలువ సరిదిద్ది, ఊహ నిజమో కాదో తేల్చుకుంటారు. కమాండ్ల కన్నా ఆ ఆలోచనా క్రమం నేర్చుకోదగ్గది.

ఎంబెడెడ్ పనిలో (పరికరాల్లోని చిన్న కంప్యూటర్ బోర్డులకు ప్రోగ్రాములు రాసే పనిలో) ఉన్నవాళ్లకు అసలు నిధి వెనక అనుబంధంలో ఉంది. జీడీబీ దూరంగా ఉన్న బోర్డుతో మాట్లాడే ప్రోటోకాల్ మొత్తం అక్కడ రాసి ఉంది. ప్రతి ప్యాకెట్ డాలర్ గుర్తుతో మొదలై, హ్యాష్ గుర్తు తర్వాత రెండు హెక్స్ అంకెల చెక్‌సమ్‌తో ముగుస్తుంది. చెక్‌సమ్ అంటే మధ్యలోని అక్షరాల విలువలు కూడి 256తో భాగించగా మిగిలే శేషం. రిజిస్టర్లు అడగడానికి 'జీ', మెమరీ అడగడానికి 'ఎం' ప్యాకెట్. బోర్డు సరిగా జవాబివ్వనప్పుడు రిమోట్ డీబగ్ సెట్టింగ్ ఆన్ చేసి, వచ్చిపోయే ప్యాకెట్లను ఈ పేజీలతో పోల్చుకుంటే తప్పు ఎవరి వైపుందో తేలిపోతుంది. ఇంత స్పష్టంగా రాసిన ప్రోటోకాల్ వివరణలు నేను ఎక్కువ చూడలేదు.

లోటు లేకపోలేదు. పుస్తకం అంతా సదుపాయాల వారీగా నడుస్తుంది, సమస్యల వారీగా కాదు. స్టాక్ పాడైపోయి బ్యాక్‌ట్రేస్ (ఏ ఫంక్షన్ దేన్ని పిలిచిందో చూపే జాబితా) నిండా ప్రశ్న గుర్తులే వస్తే ఎక్కడ మొదలుపెట్టాలో ఒకచోట చెప్పరు. నాలుగైదు అధ్యాయాలు తిరగాలి. జీడీబీని పైథాన్‌తో విస్తరించే భాగంలో ప్రతి ఫంక్షన్ వివరణా ఉంది కానీ ఉదాహరణలు చాలవు. జతగా వచ్చే రిఫరెన్స్ కార్డు అచ్చు వేసి గోడకు అంటించుకోవడానికి బాగుంటుంది, అయితే అందులో ఎక్కువగా పాత కమాండ్లే. 2009లో 7.0తో వచ్చిన రివర్స్ డీబగ్గింగ్ (ప్రోగ్రామ్‌ను వెనక్కి నడిపించడం) లాంటివాటికి అసలు మాన్యువల్లోకే వెళ్లాలి.

వరసగా చదవొద్దు. చివర రెండు సూచికలున్నాయి, ఒకటి భావనలకు, ఇంకొకటి కమాండ్లకు. నేను ఎప్పుడూ వాటి నుంచే లోపలికి వెళ్తాను. ఏదో వెబ్‌సైట్‌లోని కాపీ కాకుండా, మీ దగ్గరున్న జీడీబీ వెర్షన్‌కు సరిపోయేదే చదవండి. డెబియన్ లినక్స్ వాడేవాళ్లు ఒక సంగతి గుర్తుంచుకోవాలి: మాన్యువల్ లైసెన్స్‌లో మార్చకూడని భాగాలు ఉన్నందువల్ల దాని ప్యాకేజీని నాన్-ఫ్రీ (స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ కానివి ఉండే) విభాగంలో పెట్టారు. ఆ విభాగాన్ని ఆన్ చేసుకుని విడిగా ఇన్‌స్టాల్ చేసుకోవాలి.