స్టేక్ ఫ్రిజ్‌లోనా, ఫ్రీజర్‌లోనా: ఏది మేలు?

డాలస్ చుట్టుపక్కల మా వాళ్లలో బీఫ్ తినేవాళ్లు ఎవరు కలిసినా ఈమధ్య స్టేక్ (పెనం మీద కాల్చుకునే మందపాటి బీఫ్ ముక్క) గురించే అడుగుతున్నారు. అన్నా, శనివారం స్టేక్ ప్యాక్ తెచ్చాను, బుధవారం తీసి చూస్తే గోధుమరంగుకి తిరిగింది, వండాలా పారేయాలా, అసలు ఫ్రిజ్‌లో పెట్టడం తప్పా, ఫ్రీజర్‌లో పెడితే రుచి పోతుందంటారు కదా అని. విడివిడిగా ఫోన్‌లో చెప్పే బదులు ఒకేచోట రాసేస్తున్నా.

మనకి ఈ అనుమానం ఎందుకొస్తుందంటే ఇంటి దగ్గర పచ్చిమాంసం దాచే అలవాటే లేదు. మా గుంటూరు వైపు ఆదివారం పొద్దున్నే పెద్దకూర తెస్తే మధ్యాహ్నానికల్లా పొయ్యి మీద ఉండేది. ఎక్కువైతే మా అమ్మమ్మ ఉప్పూ పసుపూ పట్టించి సన్నగా చీల్చి దండెం మీద ఆరేసి తునకలు చేసేది, అవి నెలల తరబడి ఉండేవి. పైగా కూరంటే గంటసేపు కుతకుతా ఉడుకుతుంది. స్టేక్ అలా కాదు, లోపల గులాబీరంగులో ఉండగానే పెనం మీంచి దించేస్తాం, అందుకే దాచడంలో పొరపాటు జరిగితే దాన్ని వంటతో సరిచేసుకోవడం కుదరదు.

ముందు ఫ్రిజ్ సంగతి. అమెరికా వ్యవసాయ శాఖ లెక్క ప్రకారం పచ్చి స్టేక్ ఫ్రిజ్‌లో 3 నుంచి 5 రోజులు, ఖీమా అయితే 1 లేక 2 రోజులే. కానీ ఆ లెక్క ఫ్రిజ్ లోపల 40 డిగ్రీల ఫారెన్‌హీట్, అంటే 4 సెల్సియస్, లేదా అంతకన్నా తక్కువ ఉంటేనే. మన ఇళ్లలో ఫ్రిజ్ ఎలా ఉంటుందో అందరికీ తెలుసు కదా, ఇడ్లీ పిండి గిన్నె, పెరుగు, సాంబారు, నిన్నటి పప్పు, మొన్నటి పులుసు, గాలి ఆడే సందు ఉండదు, పిల్లలు పది నిమిషాలకోసారి తలుపు తీస్తారు. నేను చిన్న థర్మామీటరు కొని పై అరలో పెట్టి చూస్తే 45 చూపించింది, అప్పటిదాకా మా ఫ్రిజ్ బ్రహ్మాండంగా పనిచేస్తుందనే నమ్మకంతో ఉన్నాను. స్టేక్ పెట్టేది కింది అరలో, వెనక్కి, రక్తం నీళ్లు కారినా కూరగాయల మీద పడకుండా ఒక పళ్లెంలో. తలుపు అరల్లో మాత్రం మాంసం వద్దు.

కొట్టులోనే వాక్యూమ్ ప్యాక్ చేసినవి, అంటే గాలి తీసేసి బిగించినవి, దొరుకుతాయి, అవి విప్పకుండా ఉంటే మామూలు ట్రే కన్నా ఎక్కువ రోజులు ఆగుతాయి, ప్యాకెట్ మీద తేదీ చూసుకుంటే చాలు. విప్పాక మాత్రం మళ్లీ 3 నుంచి 5 రోజుల లెక్కే.

ఇక ఫ్రీజర్. నేను మొగ్గేది ఇటువైపే, దానికి కారణం రుచి కాదు. సున్నా ఫారెన్‌హీట్‌లో, అంటే మైనస్ 18 సెల్సియస్‌లో, మాంసంలో సూక్ష్మజీవులు చావవు, పెరగకుండా పడుంటాయి అంతే. అంటే నాలుగో రోజు ఫ్రీజర్‌లో పెట్టిన ముక్క రెండు నెలల తర్వాత తీసినా నాలుగో రోజు ముక్కగానే బయటికొస్తుంది. మనవాళ్లు చేసే పెద్ద పొరపాటు ఇక్కడే. ఫ్రిజ్‌లో పెట్టి, రేపు వండుదాం ఎల్లుండి వండుదాం అనుకుంటూ, ఇక లాభం లేదు పాడయ్యేలా ఉంది అనిపించినప్పుడు ఫ్రీజర్‌లోకి తోస్తారు, ఆ తర్వాత తీసి వండి ఫ్రీజర్ మాంసం బాగోదు అంటారు. ఫ్రీజర్ ఏం చేస్తుంది, మీరిచ్చిందే తిరిగిచ్చింది. నా పద్ధతి ఒకటే, కొట్టు నుంచి రాగానే సామాన్లు సర్దేటప్పుడే తేల్చేస్తాను, రెండు మూడు రోజుల్లో తినేవి ఫ్రిజ్‌లోకి, మిగతావన్నీ ఆ గంటలోనే ఫ్రీజర్‌లోకి.

పెట్టడంలో కూడా కొంచెం ఓపిక కావాలి. ట్రేతో సహా పడేయకండి. ఒక్కో ముక్కని విడిగా ప్లాస్టిక్ ర్యాప్‌తో బిగించి చుట్టి, జిప్‌లాక్ సంచిలో వేసి, ఆ సంచిని నీళ్ల గిన్నెలో మూతి దాకా ముంచితే గాలంతా పైకి తన్నుకొస్తుంది, అప్పుడు మూసేయాలి. వాక్యూమ్ సీలర్ ఉంటే ఇంకా మంచిదే, లేకపోయినా ఇది సరిపోతుంది. బల్లపరుపుగా, ఒకదాని మీద ఒకటి పడకుండా పెడితే తొందరగా గడ్డకడుతుంది, తొందరగా గడ్డకడితే లోపల మంచు పలుకులు చిన్నవిగా ఉంటాయి, కరిగినప్పుడు నీరు తక్కువ కారుతుంది, రుచి నిలిచేది అక్కడే. సంచి మీద తేదీ రాయడం మర్చిపోవద్దు. 6 నెలల దాకా నాకు తేడా తెలియలేదు. చుట్టడం సరిగ్గా లేకపోతే బూడిదరంగు ఎండు మచ్చలు వస్తాయి, అది ఫ్రీజర్ బర్న్, ప్రమాదం కాదు, ఆ భాగం చప్పగా పీచులా ఉంటుంది, కోసి పారేస్తే సరి.

తీసేటప్పుడు ముందురోజు రాత్రి ఫ్రిజ్ కింది అరలోకి దించండి. మర్చిపోతే సంచితో సహా చన్నీళ్లలో ముంచి అరగంటకోసారి నీళ్లు మార్చండి, అలా కరిగించింది వెంటనే వండేయాలి. కిచెన్ గట్టు మీద పొద్దున పెట్టి సాయంత్రం వండటం మాత్రం వద్దే వద్దు. లోపల ఇంకా రాయిలా ఉండగానే పైన వెచ్చబడిపోతుంది, బాక్టీరియా ఉండేదీ పైనే. పచ్చిమాంసం బయట 2 గంటలు, మన టెక్సాస్ ఎండల్లో 90 ఫారెన్‌హీట్ దాటితే 1 గంట, అంతే. కొట్టు నుంచి ఇంటికొచ్చే దారిలో కార్లో ఉన్న టైమూ అందులోదే.

పాడైందో లేదో కనిపెట్టడంలో కన్ను, ముక్కు, వేలు, ఈ మూడిట్లో కన్నుని అన్నిటికన్నా తక్కువ నమ్మండి. కోసిన వెంటనే బీఫ్ ఊదాగా ఉంటుంది, గాలి తగిలితే ఎర్రబడుతుంది, ఇంకొన్ని రోజులకి గోధుమరంగు. ఇదంతా మయోగ్లోబిన్ అనే ప్రోటీన్ చేసే పని, ఒక్క రంగుని బట్టే మురిగిందని చెప్పలేం. కోత మీద ఇంద్రధనుస్సులా మెరిసినా అది వెలుతురు వల్లే. వాక్యూమ్ ప్యాక్ విప్పగానే ఒకలాంటి పుల్లవాసన వస్తుంది, కంగారుపడి పారేయకండి, పళ్లెంలో పెట్టి ఫ్రిజ్‌లో ఓ అరగంట ఉంచండి, పోతే మంచిదే, పోకపోతే చెత్తబుట్టలోకి. మామూలు నీచు వాసన వేరు, మురిగిన వాసన వేరు, కూర వండే ఇంట్లో పెరిగినవాళ్లకి ఆ తేడా చెప్పక్కర్లేదు. వేలితో తాకితే తడిగా ఉండటం మామూలే, జిగురుగా జారుతూ వేలికి అంటుకుంటే మాత్రం అది అయిపోయినట్టే.

అప్పుడు మనవాళ్లు చేసేదేంటంటే ఉప్పూ పసుపూ వేసి నాలుగుసార్లు కడిగి, నిమ్మకాయ పిండి, ఇప్పుడు వాసన లేదుగా అని వండేస్తారు. దయచేసి అలా చేయకండి. కడిగితే వాసన పోతుందేమో, కొన్ని బాక్టీరియాలు వదిలిన విషం ఉడికించినా పోదు. అసలు మంచి మాంసాన్నైనా సింకులో కడగొద్దు, ఆ తుంపర్లు పక్కనున్న గిన్నెల మీద పడతాయి, పేపర్ టవల్‌తో అద్దితే చాలు. ఇంకో సంగతి, ఈకోలై, సాల్మొనెల్లా లాంటి జబ్బు తెచ్చే బాక్టీరియాలు వాసన ఇవ్వవు, జిగురూ కట్టవు, కాబట్టి ముక్కు బాగుందన్నా రోజులు దాటితే వదిలేయండి. ప్యాకెట్ మీద బ్లేడ్ టెండరైజ్డ్ అని ఉందేమో కూడా చూడండి, మెత్తబడటానికి బ్లేడ్లతోనో సూదులతోనో గుచ్చడం వల్ల పైనున్న బాక్టీరియా లోపలికి వెళ్తుంది, అలాంటిదాన్ని గులాబీరంగులో దించొద్దు, లేబుల్ మీద రాసిన టెంపరేచర్ దాకా వండండి.

2021 ఫిబ్రవరిలో మంచుతుఫాను వచ్చి కరెంటు పోయినప్పుడు కూడా ఫ్రీజరే కాపాడింది. నిండుగా ఉన్న ఫ్రీజర్ తలుపు తీయకపోతే 48 గంటలు ఆగుతుంది, సగమే ఉంటే 24, ఫ్రిజ్ మాత్రం 4 గంటలే. మాకు రోజున్నర కరెంటు లేదు, ఫ్రిజ్‌లో ఉన్న రెండు స్టేకులూ పారేశాం, ఫ్రీజర్‌లోవి రాళ్లలా అలాగే ఉన్నాయి.

ఇంట్లోనే డ్రై ఏజింగ్, అంటే మాంసాన్ని చుట్టకుండా చల్లటి చోట వారాల తరబడి మగ్గనివ్వడం, చేస్తే ఎలా అని ఒకరిద్దరు అడిగారు, మామూలు ఫ్రిజ్‌లో వద్దు. మసాలా పట్టించి పెడితే ఎక్కువ రోజులు ఉంటుందా అంటే, అదీ 5 రోజుల లోపే అనుకోండి.

ఇక ఆ శనివారం స్టేక్ సంగతి. ఫ్రిజ్ 40 లోపు ఉందా, వాసన మామూలుగా ఉందా, వేలికి జిగురు అంటట్లేదా, అయితే గోధుమరంగు చూసి భయపడక్కర్లేదు, ఈ సాయంత్రమే వండేయండి. ఫ్రీజర్‌లోకి మాత్రం ఇప్పుడు తోయకండి.