గబ్బిలాలు వెళ్లగొడ్తమని వచ్చేటోళ్లకు అడ్వాన్స్ ఇచ్చే ముందు జర ఇది సదవుండ్రి

వరంగల్, హన్మకొండ, కాజీపేట దిక్కు పాత పెంకుటిండ్లు ఉన్నోళ్ల కోసం రాస్తున్న. అటక మీద గబ్బిలాలు ఉన్నయని పెస్ట్ కంట్రోల్ వాళ్లను పిలిచి 6,500 రూపాయలు పోగొట్టుకున్న. పైసల సంగతి పక్కన పెట్టుండ్రి, తర్వాత పది దినాలు ఇంట్ల పడ్డ నరకం ఇంకొకరికి వద్దు. కంపెనీ పేరు రాయను. ఇయ్యాల ఒక పేరు, రేపు ఇంకో పేరు. చేసే పని మాత్రం అదే, దాన్ని గుర్తుపడితే చాలు.

కరీమాబాద్‌ల మా నాయన కట్టించిన ఇల్లు. పైన బెంగళూరు పెంకలు, కింద చెక్క పలకల అటక. ఇప్పుడు అమ్మ ఒక్కతే ఉంటది. పొద్దుగూకినంక గోడకు, వాసానికి నడుమ ఉన్న సందులకెళ్లి గబ్బిలాలు ఒక్కొక్కటే కిందికి జారి, నేల తాకకముందే ఎగిరిపోతుంటయి. అమ్మ ఒకరోజు అరుగు మీద కూసోని చింతగింజలు పక్కకు పెట్టుకుంట లెక్కబెట్టింది. 43. ఆ సందు ఎంతుందంటే నా బొటనవేలు దూరేంత, అంతే. "అవి నన్నేమన్నయిరా, దోమలు తింటున్నయి, ఉండనీ" అన్నది. నేనే వినలే. అటక కింద బియ్యం బస్తాల మీద పెంట పడుతున్నది, ముక్కు పగిలే వాసన. మొదట ఎలుకలనుకున్న. ఎలుక పెంట గట్టిగుంటది, గబ్బిలాలది ఎండితే పుల్లతోటి అదిమితేనే పొడి అయిపోతది, అందుల పురుగుల రెక్కల తుకడలు మెరుస్తయి. చేత్తోటి మాత్రం ముట్టకుండ్రి.

ఫోన్ చేస్తే జూన్ ఆఖర్ల ఇద్దరు పిలగాండ్లు వచ్చిండ్రు. పొద్దున పదకొండింటికి. అక్కడనే నాకు అనుమానం రావాలె. పగటిపూట గబ్బిలాలన్నీ లోపలనే ఉంటయి కద! అండ్ల ఒకడు పైకి ఎక్కి రెండు నిమిషాలు టార్చ్ కొట్టి దిగిండు, ముందుగాల నిపా వైరస్ సంగతి ఎత్తిండు. "కేరళల చూసిండ్రు కద సార్, ఇంట్ల పెద్దమనిషి ఉంది, రిస్క్ తీసుకోవద్దు" అన్నడు. 2018ల కోజికోడ్ దిక్కు అంతమంది ఎట్ల చచ్చిపోయిండ్రో నాకు యాదికుంది, వెంటనే 4,000 అడ్వాన్స్ కొట్టిన. తర్వాత తెలిసింది, నిపా వైరస్‌ను మోసేది చెట్లకు వేలాడే పెద్ద పండ్ల గబ్బిలాలు. పెంకుల సందుల దూరేవి పురుగులు తినే చిన్నవి. రెండూ వేరు. భయం పెట్టి అమ్మేటోడికి ఆ తేడాతోటి ఏం పని?

ఏదో మందు కొట్టిండు. ఏం మందు అని అడిగితే డబ్బా చూపియ్యలే, "కంపెనీ ఫార్ములా సార్" అన్నడు. అదే గంటల ఫోమ్, సిమెంట్ పెట్టి సందులన్నీ మూసేసిండు. పెంటను పొడి చీపురుతోటి ఊడ్చిండు, ఇల్లంత దుమ్ము. అటక నిండ నాఫ్తలిన్ గోలీలు చల్లిండు. ఆఖరికి గోడకు పెట్టే చిన్న మిషన్ ఒకటి, మన చెవికి వినపడని సౌండ్ వస్తదట, దానికి ఇంకో 1,800. "చంపుతే కేసు అయితదా" అని అడిగితే "అవి ఎలుకల లెక్కనే సార్, చట్టంల రాసుంది" అన్నడు. 1972 వన్యప్రాణి చట్టంల పండ్ల గబ్బిలాలను కాకులు, ఎలుకలతోటి కలిపి పెట్టిన జాబితా ఒకప్పుడు ఉండె, నిజమే. 2022ల చేసిన సవరణతోటి దాన్ని తీసేసిండ్రు, 2023 ఏప్రిల్ 1 నుంచి అమలు. పాత మాటను పట్టుకొని తిరుగుతున్నడన్నట్టు.

ఆ రాత్రి అమ్మ ఫోన్ చేసింది. "అరేయ్, పైన గోకుతున్నయి రా." మూసిన సందు దగ్గర తెల్లారేదాక గోకుడే. రెండోనాడు బయటకు తొవ్వ లేక పలకల సందులకెళ్లి అర్రలకు దిగినయి. ఫ్యాన్ తిరుగుతున్నది, ఒకటి రెక్కకు తాకి గోడకు కొట్టుకున్నది. (మీ ఇంట్లకు గబ్బిలం వస్తే ముందుగాల ఫ్యాన్ బంద్ చేయుండ్రి. లోపలి తలుపు వేసి, కిటికీ తెరిచి, లైట్ ఆర్పితే దానంతట అదే పోతది. కట్టె పట్టుకొని ఎగబడొద్దు.) మూడోనాడు వాసన మొదలైంది. పొద్దున అమ్మ బియ్యం చెరుగుదామని చాట తీస్తే అందుల ఒక పిల్ల. ఎంట్రుక లేదు, గులాబీ రంగు తోలు, నా చిటికెన వేలంత లేదు, నోరు తెరిచి మూసుకుంటున్నది. అమ్మ ఆ చాటను కింద పెట్టలే, పట్టుకొని అట్లనే నిలబడ్డది. మల్ల నాతోటి రెండు దినాలు మాట్లాడలే.

కాకతీయ యూనివర్సిటీల జువాలజీ సదివిన మా బావ వచ్చి నెత్తి కొట్టుకున్నడు. పిల్లలకు రెక్కలు రావాలంటే వారాలు పడతదట. అప్పటిదాక సందు మూయొద్దు. మూస్తే తల్లి బయట, పిల్ల లోపల, లేకుంటే మాకు అయినట్టు రెండూ లోపలనే. పైగా కొన్ని చిన్న జాతులు ఏడాదిల ఒకటికంటే ఎక్కువసార్లు ఈనుతయి, అందుకే క్యాలెండర్ నమ్ముకోవద్దు, పైకెక్కి పిల్లలు ఉన్నయా లేవా చూడాలె అన్నడు. ఆ సాయంత్రమే ఉలితోటి సిమెంట్ పగలగొట్టిండు. దొరికిన ఐదు పిల్లలను గుడ్డతోటి పట్టి సందు పక్కన గరుకు గోడకు పెట్టినం. రెండింటిని తల్లులు ఎత్తుకపోయినయి. మూడు తెల్లారేసరికి పాణంతోటి లేవు.

అసలు పని బతుకమ్మ పండుగ దాటినంక చేసినం. అప్పటికి అటక మీద పిల్లలు లేవని చూసుకున్నం. అవి వాడే సందు ఒక్కటి విడిచి మిగిలినయన్నీ ముందు మూసినం. ఆ ఒక్కదాని మీద సన్న కండ్ల దోమతెర వేలాడదీసి, పైన, పక్కలకు బిగించి, కింద మాత్రం వదులుగ విడిచిపెట్టినం. సందుకంటే మూడు ఫీట్లు కిందిదాక ఉండాలె. బయటకొచ్చేది తెర వెంబడి పాక్కుంట దిగి ఎగిరిపోతది. తిరిగొచ్చినప్పుడు నేరుగ సందు దగ్గరికే వస్తది కని కిందికెళ్లి దూరాలని దానికి తెల్వదు. వారం ఉంచినం. రెండు సాయంత్రాలు వరుసగ అమ్మ చింతగింజలు కదలలే, అప్పుడు మేస్త్రీని పిలిచి మూపిచ్చినం. తెరకు 300, మేస్త్రీకి 1,200. అంతే ఖర్చు.

పెంట తీసేటప్పుడు జాగ్రత్త. అందుల పెరిగే ఒక ఫంగస్ ఉంటది, హిస్టోప్లాస్మా అంటరు, దుమ్ముతోటి ఊపిరితిత్తులకు పోతే జబ్బు చేస్తది. నీళ్లు చల్లి తడిపి, ఎన్95 మాస్క్, గ్లౌజులు పెట్టుకొని ఎత్తాలె. ఆ పొడి చీపురు దెబ్బకు అమ్మ పది దినాలు దగ్గింది, ఎక్స్‌రేల ఏం లేదన్నంక పాణం కుదుటపడ్డది. నాఫ్తలిన్ గాలి కూడ మంచిది కాదు, చిన్నపిల్లలు ఉన్న ఇంట్ల అసలే వద్దు. గబ్బిలం కరిచినా, గీరినా సబ్బు పెట్టి పదిహేను నిమిషాలు ధార కింద కడిగి అదే రోజు ఎంజీఎం దవాఖానల చూపించుకోవాలె, చిన్న గాయమే కద అని ఊకోవద్దు.

ఎవరినన్న పిలవాలంటే ఫోన్లనే అడుగుండ్రి: "పిల్లలు ఉన్నయా చూస్తవా? సందు ఎన్ని దినాలకు మూస్తవ్?" ఒక్క పూటల అయిపోతదంటే ఫోన్ పెట్టేయుండ్రి. మందు కొడ్తనంటే డబ్బా మీద గబ్బిలం అని ఉందా చూపియ్యమనుండ్రి. 1968 పురుగుమందుల చట్టం కింద లైసెన్స్ కూడ అడగండి, మా దగ్గరికొచ్చిన పిలగాడు ఆ మాట వినంగనే "మా సార్‌తో మాట్లాడండి" అన్నడు, ఆ సార్ ఇప్పటిదాక ఫోన్ ఎత్తలే. బిల్లు తీసుకోకుండ ఇచ్చుడు నా తప్పు. ఫోన్‌పే స్క్రీన్‌షాట్లు, చచ్చినవాటి ఫొటోలు ఉన్నయి కాబట్టి వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు కంప్లైంట్ పెట్టిన. 2,500 వాపస్ వచ్చినయి. మిగిలినవాటికి జిల్లా వినియోగదారుల కమిషన్‌కు పోతున్న, ఐదు లక్షల లోపు అయితే ఫీజు కూడ లేదు.

ఆ సౌండ్ మిషన్ ఇంక గోడకే ఉంది. దాని పక్కపొంటి బల్లి కాపురం పెట్టింది. ఎవరికన్న కావాలంటే ఊకెనే ఇస్త, లైటు మాత్రం మంచిగ వెలుగుతది.