డేటా ఫైల్ తగ్గించే ష్రింక్‌ఫైల్: చాలాకాలం వాడాక

పాత ఆర్కైవ్ టేబుళ్లు తీసేసినా ఎస్‌క్యూఎల్ సర్వర్ (మైక్రోసాఫ్ట్ డేటాబేస్ సాఫ్ట్‌వేర్) డేటా ఫైల్ 800 జీబీ దగ్గరే ఉంటుంది, లోపల నిజంగా వాడుతున్నది 300 జీబీయే అయినా సరే. ఆ ఖాళీని డిస్కుకు తిరిగి ఇప్పించేది డీబీసీసీ ష్రింక్‌ఫైల్ అనే కమాండ్. అయిదుకు మూడు మార్కులు. చెప్పిన పని చేస్తుంది, కానీ నత్తనడక, పైగా ఇండెక్సుల్ని (డేటాను త్వరగా వెతికిపెట్టే జాబితాల్ని) చిందరవందర చేసి పోతుంది.

కారణం దాని పద్ధతిలోనే ఉంది. ఫైల్ చివర ఉన్న పేజీని (డేటా దాచే చిన్న ముక్కని) తీసి ముందున్న ఖాళీలో పెడుతుంది, తర్వాత దాని ముందు పేజీని. వరసగా ఉన్న ఇండెక్స్ పేజీలు తలకిందులవుతాయి. ఇదంతా ఒకే థ్రెడ్ మీద నడుస్తుంది కాబట్టి సర్వర్‌కు కోర్లు పెంచినా లాభం లేదు. పెద్ద టెక్స్ట్, ఫొటోలు దాచే ఎల్‌ఓబీ కాలమ్‌లు ఉంటే ఇంకా ఆలస్యం.

ముందు ట్రంకేట్‌ఓన్లీ అనే ఆప్షన్‌తో నడపండి. పేజీలు కదలవు, ఫైల్ చివర ఖాళీగా ఉన్నంత మేర క్షణాల్లో తెగిపోతుంది. ఒక్కోసారి దీంతోనే పని తీరుతుంది. తీరకపోతే చిన్న చిన్న ముక్కలుగా దిగాలి. లక్ష్యాన్ని ఎంబీల్లో ఇవ్వాలి: 819200 నుంచి 814080కి, అంటే 5 జీబీ, మళ్లీ ఇంకో 5. నేరుగా 300 జీబీకి దించకండి, 350 దగ్గర (358400) ఆపండి. రేపు పెరగడానికి చోటు లేకపోతే ఫైల్ మళ్లీ ఉబ్బుతుంది, పడ్డ శ్రమ వృథా. మధ్యలో ఆపినా అప్పటిదాకా కదిలిన పేజీలు కదిలినట్టే ఉంటాయి, ఇది దీనిలోని మంచి గుణం.

కదిలే ప్రతి పేజీ ట్రాన్సాక్షన్ లాగ్‌లోకి (మార్పులన్నీ రాసుకునే ఫైల్‌లోకి) వెళ్తుంది. లాగ్ బ్యాకప్‌లు తరచుగా తీయకపోతే డేటా ఫైల్ తగ్గేలోపు లాగ్ ఫైల్ పెరుగుతుంది, అవైలబిలిటీ గ్రూప్ (డేటాబేస్ నకలు మరో సర్వర్‌లో ఉంచే ఏర్పాటు) ఉంటే రెండో సర్వర్ వెనకబడుతుంది. బ్యాకప్ నడుస్తున్న సమయంలో ష్రింక్ కుదరదు, రాత్రి షెడ్యూల్ చూసుకోండి. గంటలు గడిచినా అంగుళం కదలకపోతే ఎర్రర్ లాగ్‌లో 5203 మెసేజ్ వెతకండి: స్నాప్‌షాట్ ఐసొలేషన్‌లో (చదివేవాళ్లకు డేటా పాత రూపాన్ని చూపించే పద్ధతిలో) ఎవరో ట్రాన్సాక్షన్ తెరిచి వదిలేశారన్నమాట. 2022 వెర్షన్‌లో వచ్చిన వెయిట్_ఎట్_లో_ప్రయారిటీ ఆప్షన్ ఇస్తే, కావాల్సిన లాక్ దొరక్కపోతే ష్రింక్ ఒక నిమిషం చూసి తానే తప్పుకుంటుంది. పగటిపూట నడపక తప్పని చోట అది పెద్ద ఊరట.

అయ్యాక చాలామంది ఇండెక్సులన్నీ రీబిల్డ్ చేస్తారు, అంటే మొదటినుంచి కొత్తగా కడతారు. అక్కడే దెబ్బ తింటారు. పెద్ద ఇండెక్స్ రీబిల్డ్‌కు దాదాపు దానంత ఖాళీ కావాలి, దాంతో ఇప్పుడే తగ్గించిన ఫైల్ మళ్లీ పెరుగుతుంది. ఉన్న పేజీలనే సర్దే రీఆర్గనైజ్ చాలు.

సగానికి పైగా ఖాళీ ఉంటే అసలు ష్రింక్‌తో కుస్తీ పట్టకుండా కొత్త ఫైల్‌గ్రూప్ (డేటా ఫైళ్ల గుంపు) తెరిచి, క్రియేట్ ఇండెక్స్ కమాండ్‌కు డ్రాప్_ఎగ్జిస్టింగ్ ఆప్షన్ ఇచ్చి టేబుళ్లను అక్కడికి మార్చడం మేలు. ఇండెక్సులు వరసగా కుదురుతాయి, పాత ఫైల్‌లో మిగిలింది కొంచెమే కాబట్టి త్వరగా తగ్గుతుంది. ఎల్‌ఓబీ డేటా మాత్రం ఇలా కదలదు, పాత చోటే ఉండిపోతుంది.

ఫైల్‌ను దానంతటదే తగ్గించే ఆటో ష్రింక్? ఆఫ్‌లోనే ఉంచండి.