అష్టాచమ్మానా, లెగో బ్లాకులా?

వేసవి సెలవులు దగ్గరపడితే చాలు, ఆటిజం ఉండి థెరపీకి వచ్చే పిల్లల తల్లులందరిదీ ఒకటే ప్రశ్న: "మేడమ్, వంతు పాటించడం, పక్కవాళ్లతో కలవడం అలవాటవ్వాలంటే ఇంట్లో అన్నతోనో చెల్లితోనో కలిపి ఏ ఆట ఆడించమంటారు?" పేర్లు కూడా వాళ్లే చెబుతారు. అష్టాచమ్మా, లెగో బ్లాకులు, కుర్చీలాట.

కుర్చీలాట సంగతి ముందే తేల్చేద్దాం. పాట ఎప్పుడు ఆగుతుందో తెలీదు, పైగా తోపులాట. ఎవరికి అభ్యాసం ఎక్కువ కావాలో ఆ పిల్లాడే మొదటి రౌండులో అవుటై గోడవార కూర్చుంటాడు. పుట్టినరోజులకు సరే, దీనికి పనికిరాదు.

అష్టాచమ్మా నాకూ ఇష్టమే. గవ్వలు ఎవరి చేతిలో ఉంటే వంతు వాళ్లది. ఎవరూ చెప్పక్కర్లేదు, కంటికి కనిపిస్తుంది. కాయ ఏ గళ్లోంచి ఏ గళ్లోకి నడవాలో మారదు. లెక్కలంటే ఇష్టపడే పిల్లలు గంటసేపు కూర్చుంటారు. చిక్కల్లా రెండు చోట్ల. చమ్మా గానీ అష్టా గానీ పడితే మళ్లీ వేయొచ్చు కదా, అప్పుడప్పుడే 'ఒకసారి నువ్వు, ఒకసారి నేను' నేర్చుకుంటున్న పిల్లాడికి అది అన్యాయంలా ఉంటుంది. తన కాయను చంపితే ఇక ఏడుపే. కొన్నాళ్లు ఈ రెండు రూల్సూ పక్కన పెట్టి, మనిషికి ఒక్క కాయతో ఆడించండి.

అయినా అసలు లోటు తీరదు. పక్కన ఎవరున్నారో పట్టించుకోకుండానే ఆట ఆసాంతం ఆడేయొచ్చు. గవ్వలు వేస్తాడు, కాయ జరుపుతాడు, మళ్లీ గవ్వల కోసం చేయి చాస్తాడు. ఎదుటివాళ్లతో మాట్లాడాల్సిన పనే పడదు. నా మటుకు ఆట ఎంచుకునేటప్పుడు చూడాల్సింది ఇదే: అవతలి పిల్లాడు లేకపోతే ఆట ఆగిపోతుందా?

లెగోలో ఆగిపోతుంది. కాకపోతే డబ్బా ముందు పడేసి ఆడుకోమంటే ఎవరి ఇల్లు వాళ్లే కట్టుకుంటారు. సైకాలజిస్ట్ డేనియల్ లెగాఫ్ 2004లో ప్రచురించిన పద్ధతిలో పని పంచుతారు. బొమ్మ చూసి ఏం కావాలో చెప్పేది ఇంజనీరు, ముక్క వెతికి ఇచ్చేది సప్లయర్, కట్టేది బిల్డర్. కాసేపయ్యాక పాత్రలు మారతాయి. సప్లయర్ తప్పు ముక్క ఇస్తాడు చూడండి, నాకు కావాల్సింది అక్కడే ఉంది. "ఇది కాదు, ఎర్రదే, పొడుగుది" అని ఎవరో ఒకరు అనాలి, అవతలివాడు విని సరిదిద్దుకోవాలి. కళ్లలోకి చూడమని బలవంతపెట్టక్కర్లేదు, అవసరమే అటు తిప్పుతుంది. మాటలు రానివాళ్లు రంగు కార్డు చూపిస్తే చాలు. 2008లో కేంబ్రిడ్జి పరిశోధకులు దీన్ని మరో సామాజిక నైపుణ్యాల శిక్షణతో పోల్చినప్పుడు, ఇతరులతో కలవడంలో లెగో పిల్లల్లోనే ఎక్కువ మెరుగుదల కనిపించింది. అది చిన్న అధ్యయనమే అనుకోండి.

ఖరీదైన సెట్టు అక్కర్లేదు, మామూలు బ్లాకులు చాలు. పది ముక్కలతో మీరే ఏదైనా కట్టి, ముక్క పెట్టిన ప్రతిసారీ ఫోన్‌లో ఫొటో తీసుకోండి. ఇంజనీరు చేతికి ఆ ఫొటోలే ఇవ్వాలి. బిల్డర్‌కి అవి కనపడకూడదు, కనపడితే అడగడం మానేసి తనే కట్టేస్తాడు. ఇద్దరే ఉంటే ముక్కలిచ్చే పని కూడా ఇంజనీరుదే. ఇంకా ఏవైనా నోట్లో పెట్టుకునే పిల్లలైతే మాత్రం బ్లాకులు వద్దు, నానమ్మతో అష్టాచమ్మాయే ఆడించండి, గవ్వల బదులు పెద్ద పాచిక పెట్టి.